తడి లెక్క

పలాస దాటాక, జీడితోటల మధ్య, మా సబ్‌స్టేషన్.
సముద్రం కనపడదు.
గేటు తాళంకప్పకి పట్టిన తుప్పులో ఉంటుంది.

లోపల బూడిదరంగు గొట్టాలు
ఒక్కోటీ మనిషి నడుమంత లావు.
వాటిలో ఉండేది గాలి కాదు, గ్యాసు.
రంగు లేదు, వాసన లేదు,
గాలికన్నా అయిదింతలు బరువు.
రెండు లక్షల ఇరవై వేల వోల్టుల్ని
కిక్కురుమనకుండా ఆపుతుంది,
తడి తన దగ్గరికి రానంతవరకూ.

గొట్టానికీ గొట్టానికీ నడుమ
రెండు అంచులు, ఇరవై నాలుగు బోల్టులు,
అంచులో గాడి, గాడిలో నల్లటి రబ్బరు వలయం.
నా ఉద్యోగం ఆ వలయం.

"ముందు సెయ్యి కడుక్కో అమ్మీ"
అన్నాడు మొదటిరోజు దాలయ్య మేస్త్రి.
కడిగాను. మళ్ళీ కడగమన్నాడు.
ఐటీఐకి ముందు మూడేళ్ళు జీడిగింజలు కొట్టిన వేళ్ళు,
చమురు గీతల్ని తినేసింది.
గేటు దగ్గర వేలిముద్ర మిషను
నన్ను ఇప్పటికీ ఒప్పుకోదు.
మేస్త్రి చూసి, "పర్లేదు, గ్లవుజు ఏసుకో.
గాడిని మాత్తరం గోరుతో సూడు.
కన్ను అబద్ధమాడతాది."

పోగులు రాలని గుడ్డ, దాని మీద స్పిరిట్.
ఒకే వైపు తుడవాలి, వెనక్కి రాకూడదు.
వలయానికి గ్రీజు
పసిపిల్ల మాడుకి ఆముదం పెట్టినట్టు కాదు,
ముసల్ది తమలపాకుకి సున్నం రాసినట్టు.
బోల్టులు వరసన కాదు, ఎదురెదురుగా,
పన్నెండు తర్వాత ఆరు, మూడు తర్వాత తొమ్మిది.
రెంచి టక్ అన్నాక ఇంకో పిసరు తిప్పబోతే
నా మణికట్టు మీద ఒకటి వేసేవాడు.
"బిగువెక్కువైనా కారుద్ది."

అన్నీ అయ్యాక అంచు చుట్టూ బయట సీలెంటు.
అది గ్యాసుకి కాదు,
ఉప్పుగాలి బోల్టుల కాళ్ళ దగ్గర కూచుని
లోపలికి తుప్పును పంపకుండా.

మేస్త్రికి ఒక సీసా ఉంది.
దాని మీద తెల్ల గీతలు,
బోల్టులకి గుర్తు పెట్టే పెన్నుతోనే గీసుకున్నవి.
రోజుకి ముప్పావు లీటరు, డాక్టరిచ్చిన లెక్క.
మంగళవారం, శుక్రవారం ఆస్పత్రి, మిషను.
సాయంత్రానికి చెప్పుల వార్లు
పాదాల్లోకి దిగిపోయి ఉండేవి.
ఒకసారి వేలితో నొక్కి చూపించాడు.
గుంట పడింది. గుంట అలాగే ఉండిపోయింది.
"నా సీలు పోనాది. తడి వచ్చెత్తంది" అని నవ్వాడు.
మా ఉద్దానంలో ఆ నవ్వు తెలియని వీధి లేదు.

చెప్పాలనుకున్నది ఇది కాదు.

గ్యాసు నింపి, ప్రతి అంచుకీ పాలిథీన్ చుట్టి
ఒక రాత్రీ పగలూ వదిలేశాం.
తర్వాత కవరుకి చిల్లు పెట్టి మీటరు ముక్కు దూర్చాను.
పదిహేడో జాయింటు దగ్గర అరిచింది.
మేస్త్రి తన చేత్తో మూసిన జాయింటు.

గ్యాసంతా వెనక్కి లాగి, సిలిండర్లో దాచి,
బోల్టులన్నీ విప్పాం.
రబ్బరు మీద అడ్డంగా
కనురెప్ప వెంట్రుకంత
ఎర్ర నూలుపోగు.

ఆయన భుజమ్మీద తువ్వాలు ఎర్రది.

"ఏమైంది?" కిందనుంచి ఇంజనీరు.
పోగుని గోటితో తీసి గ్లవుజులోకి తోసేశాను.
"దుమ్ము, సార్."

మేస్త్రి ఏమీ అనలేదు.
తువ్వాలు మడిచి, గేటు బయటికెళ్ళి
సైకిలు హ్యాండిలుకి కట్టి వచ్చాడు.
కొత్త వలయం నా చేతికిచ్చాడు.
తను పక్కన నిలబడి లైటు పట్టుకున్నాడు.

టక్. పన్నెండు.
టక్. ఆరు.

ఈసారి మీటరు అరవలేదు.
రిజిస్టరులో పదిహేడుకి ఎదురుగా
నన్నే రాయమన్నాడు: తామాడ హేమవేణి.
తేమ గడిలో పడిన అంకె చూసి
అంత పొడి
వేసవిలో జీడి గోదాములో కూడా ఎరగననుకున్నాను.

పొద్దు వాలాక మెట్ల మీద కూచున్నాం.
సీసాలో ఆఖరి గీత దగ్గర
ఒక గుక్క మిగిలింది.
ఎత్తి చూసి, నా వైపు జరిపాడు.
"నువ్ తాగీ అమ్మీ."

తాగాను.