దూలగొండి దారి

నాలుగున్నరకే షట్టర్ దించేశాను.
ఎనోసు అప్పటికే వీధి చివర నిలబడి
నా సైకిలు ముందు టైరు బొటనవేలితో నొక్కి చూశాడు,
పనసకాయ ముగ్గిందో లేదో చూసే సంత మనిషిలా.
"గాలెక్కువుంది. కొండకి కాస్త తగ్గించు."
రెండేళ్ల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట.
తగ్గించాను.

మార్గశిర గురువారం. గుణుపురం వాకిళ్ల నిండా
బియ్యప్పిండి లక్ష్మీపాదాలు.
వాటి మీద చక్రం పడకుండా
ఇద్దరం తాగినవాళ్లలా వంకర్లు తిరుగుతూ
ఊరు దాటాం.

వంశధార వంతెన మీద మాటల్లేవు.
వెనక నౌపడా బండి కూత పెట్టింది.
బరంపురంలో కొన్న నా పాత గేరు సైకిలు
మూడో గేరులో ఎప్పటిలాగే గొణిగింది.

తారు రోడ్డు కొండని చుట్టి పోయే చోట
వాడు చెయ్యెత్తి ఎడమకి చూపించాడు.
అక్కడ దారి ఉందంటే నేను నమ్మను.
పులికంప, చీపురుగడ్డి, తునికి పిలకలు,
మనిషెత్తు పచ్చదనం.
వాళ్లమ్మమ్మ పసుపు బుట్ట నెత్తిన పెట్టుకుని
పుట్టసింగి వైపు నుంచి సంతకి దిగిన దారట.
బస్సు వచ్చాక దీని మీద పాదాలు పడడం మానేశాయి.
"రాళ్లు అక్కడే ఉంటాయి," అన్నాడు,
"గడ్డే పైకొచ్చింది."

వాడు దూరాడు. ఆకులు మూసుకున్నాయి.
ఇక వాడి వీపు కనిపించదు,
వాడు దాటిన చోట కొమ్మ ఇంకా ఊగుతుంది, అంతే.
ఆ ఊపు ఆగేలోగా నేను అక్కడికి చేరాలి.
చేరేసరికి ఇంకో కొమ్మ.

హామీ సంతకం సంగతి నేనెత్తలేదు.
పదకొండు వాయిదాలు, నా గల్లాలోంచి.
వాడూ ఎత్తలేదు.
గుగ్గిలం చెట్టు వేరు ఎక్కుతూ
ఇద్దరం ఒకేలా రొప్పాం.

ఆ తర్వాత దూలగొండి.
చూసుకోలేదు, గోధుమరంగు కాయల గుత్తిని
మెడతో రాసుకుంటూ పోయాను.
నిప్పు చల్లినట్టు.
సైకిలు ఓ పక్క, నేనో పక్క,
మా ఆవిడకి కూడా వినిపించని బూతులు
తెలుగులోవి అయిపోయి ఒడియాలోవి మొదలెట్టాను.
ఎనోసు కంగారు పడలేదు. చుట్టూ వెతికి
ఎండిన పేడకచ్చిక ఒకటి తెచ్చి
కాలరు లాగి మెడంతా పరపరా రుద్దాడు.
"గోకావంటే చంపుతాను."
వాడి చేతికీ పాకింది. వాడూ రుద్దుకున్నాడు.
నేను వాణ్ణి చూశాను. వాడు నన్ను చూశాడు.
నలభై దాటిన ఇద్దరు మగాళ్లు, కొండ మీద,
పేడ పూసుకుని.
నవ్వొచ్చింది. చాలాసేపటిదాకా ఆగలేదు.
ఎక్కడో అడవికోడి విసుక్కుంది.

పైకి చేరేసరికి వెలుగు
నది మీద మాత్రమే మిగిలింది.
కింద ఊళ్లో ఒక్కొక్క దీపం.
ఉడకబెట్టిన చిలకడదుంప జేబులోంచి తీసి
రెండుగా విరిచి
చిన్న ముక్క తనే ఉంచుకున్నాడు.
అది నేను చూశానని వాడికి తెలుసు.

దిగేటప్పుడు లైటు ఒక్కటే పని చేసింది, వాడిది.
నన్ను ముందు పొమ్మన్నాడు.
వెనకనుంచి పడ్డ వెలుతురు
నా నీడని పొడుగ్గా దారిలోకి తోసింది.
దాని మీదనే తొక్కుకుంటూ దిగాను.
ప్రతి మలుపులో వాడు: "పైడీ, అఛు?"
నేను: "ఉన్నాన్రా."
ఒకసారి జవాబు కావాలనే ఆలస్యం చేశాను.
బ్రేకు కీచుమంది, వెలుగు ఆగిపోయింది,
"పైడీ!"
ఉన్నాన్రా ఉన్నాను.

వంతెన దగ్గర ఒక కాలు నేల మీద పెట్టి
ఏదో అనబోయాడు. గొంతు సర్దుకున్నాడు.
"వెనక బ్రేకు షూలు అరిగాయి, మార్పించు.
శనివారం అటువైపు పోదాం,
అక్కడ గడ్డి ఇంకా ఎక్కువ."

ఇంటికొచ్చి మేజోళ్లలోంచి
ఉత్తరేణి గింజలు ఏరుతూ కూర్చున్నాను.
మెడ ఇంకా మండుతోంది.
గోకలేదు.