గురువారం, నాలుగూ నలభై

గ్రిమ్స్‌బీ చేపల రేవులో, శీతల గిడ్డంగి మీది గదిలో
పదహారేళ్ళుగా ఆపని సర్వరొకటి.
కింద ఐసులో కాడ్ చేపల పెట్టెలు, పైన దీని ఫ్యాను రొద.
గ్లవ్స్‌కి వేళ్ళ కొసలు కత్తిరించుకుని టైపు చేస్తాను.

లాగిన్ అయిన ప్రతిసారీ అదే పలకరింపు:
మీకు కొత్త మెయిల్ ఉంది.
కీత్‌కీ అదే కనిపిస్తుంది.
"ఆ లైను తీసెయ్యి హైమా, ప్రాణం తోడేస్తోంది" అన్నాడు.

తీసెయ్యడం ఎంతసేపు.
ముందో చుక్క పెట్టి, హష్‌లాగిన్ అని పేరు పెట్టి
ఒక ఖాళీ ఫైలు సృష్టిస్తే చాలు.
అందులో ఏమీ రాయక్కర్లేదు. సున్నా బైట్లు.
ఉండటమే దాని ఉద్యోగం.
హాల్లోకి మామగారు వచ్చి కూర్చోగానే
కబుర్లన్నీ ఆగిపోయినట్టు.

చెయ్యబోయి, ఎందుకో, మాన్యువల్ తెరిచాను.
షెల్ నిమిషానికోసారి పెట్టెలోకి తొంగి చూస్తుందట,
చెప్పేది మాత్రం మనం ఎంటర్ కొట్టాకే.
మనం కదలకపోతే అదీ నోరు విప్పదు.
ఇక కొత్త అనే మాట
ఉత్తరం వయసు చూసి అనేది కాదు.
పెట్టె చివరిసారి నిండిందెప్పుడు, చివరిసారి తెరిచిందెప్పుడు,
ఏది ముందు? అంతే లెక్క.
ఎవరూ తెరవకపోతే
పదకొండేళ్ళ పాతదీ కొత్తదే.
తెరిచి చదివావా, ఊరికే తెరిచావా, దానికి పట్టదు.

మెయిల్ అని కొట్టాను.
ఎనిమిది వేల చిల్లర.
మూడో ఫ్రీజరు మైనస్ ఇరవై రెండు.
మూడో ఫ్రీజరు మైనస్ ఇరవై రెండు.
బ్యాకప్ అయింది. బ్యాకప్ అయింది.
బ్యాకప్ కాలేదు.
కాలేదు. కాలేదు. మార్చి నుంచీ కాలేదు.
(ఇది కీత్‌తో అన్నప్పుడు
అతని టీ కప్పు గాల్లోనే ఉండిపోయింది.)

వీటి మధ్య, ప్రతి గురువారం, నాలుగూ పదిహేనుకి:
"మోరీన్, బస్సు నాలుగూ నలభైకి. గొడుగు."
పంపింది మోరీన్. అందుకోవాల్సింది మోరీన్.
వెళ్ళిపోయినవాళ్ళ పెట్టెలన్నీ రూట్ పెట్టెలోకి మళ్ళించేశారు,
అలా నా దగ్గర పడింది.

ఎవరీవిడ?
"నీ కుర్చీలో కూర్చునేది. ఆ క్రాన్లన్నీ ఆవిడవే.
ఇప్పుడు క్లీథోర్ప్స్‌లో ఉంటోంది, మోకాళ్ళు బాగోవు.
ఆ బస్సు మాత్రం ఎక్కడిది?
రూటు ఎత్తేసి ఆరేళ్ళు దాటింది."

సాయంత్రం దాకా కూర్చుని సర్దాను.
ఫ్రీజరు మైనస్ పద్ధెనిమిది దాటి పైకొస్తేనే కబురు,
అదీ తిన్నగా ఫోన్లోకి.
బ్యాకప్ తప్పితే నాకూ, కీత్‌కీ, అర్ధరాత్రయినా సరే.
బాగున్నప్పుడు బాగున్నానని చెప్పనక్కర్లేదని
యంత్రానికి నచ్చజెప్పడానికి
నాలుగు వరుసలు పట్టింది.
కీత్ ఖాతాలో ఆ ఖాళీ ఫైలు పెట్టాను.
మర్నాడు లాగిన్ అయ్యి
"హమ్మయ్య" అన్నాడు, తలుపు వేసుకున్నాడు.

మోరీన్ వరుస దగ్గర కర్సరు చాలాసేపు కొట్టుకుంది.
డి రెండుసార్లు నొక్కితే పోతుంది.
నొక్కలేదు.
అలియాసుల ఫైల్లో ఆవిడ పేరు పక్కన
నా పేరు రాసి సేవ్ చేశాను.

ఇవాళ గురువారం.
లాగ్ చదువుతూ ఉత్తినే ఎంటర్ కొట్టాను.
మీకు కొత్త మెయిల్ ఉంది.
మొత్తం పెట్టెలో ఒకే ఒక్కటి.

కిటికీ అవతల హంబర్ మీద సన్నటి తుంపర.
గొడుగు కారులో వదిలానో, ఇంట్లోనో.
కోటు తొడుక్కుని గడియారం చూసుకున్నాను.
బస్సు రాదని నాకు తెలుసు.
దానికి నేను చెప్పలేదు.