ఎల్పీ మోడ్

ముందుగాల ఆ చివరికంట ఒకసారి, మళ్ల ఈ చివరికంట ఒకసారి
ఉత్తగ తిప్పాలె.
ఇరవై ఏండ్లు ఒకే తీరుగ సుట్టుకొని పన్న టేపును
దబ్బున లేపితె తెగుతది.
హెడ్డును స్పిరిట్‌ల ముంచిన గుడ్డతోని తుడవాలె.
మిర్యాలగూడ కద, ఎంత మూసినా తౌడు దుమ్ము
మిషన్ల కడుపులకు పోతనే ఉంటది.
గంట టేపుకు గంట.
తొందరున్నోళ్లు ఈ పని చెప్పొద్దు.

తొందర లేదన్నది సుగుణ.
మిల్లుల నైటు డ్యూటీ దిగి, తలకు కట్టిన రుమాలు ఇప్పకుండనే
స్టూలు మీద కూసున్నది.
"మా అమ్మది ఒక్క ఫోటో లేదు సార్.
మునకల కింద మా ఇండ్లు సర్వే చేసిన నాడు
మీరే తీసిండ్రంట కద."

తీసిన. చింతలొద్ది, రెండువందల పన్నెండు గడపలు.
ఆఫీసోళ్లు టేపులు లెక్కవెట్టి ఇచ్చిండ్రు.
నేను ఎల్పీ మోడ్‌ల పెట్టి
గంట టేపుల గంటన్నర ఇరికిచ్చి
మిగిలినయి పెండ్లిళ్లకు వాడుకున్న.
గట్ల తీసిన టేపుకు ఒక రోగముంటది:
ఇంకే మిషన్‌ల సక్కగ ఆడదు,
తీసిన కెమెరలనే ఆడుతది.
ఆ కెమెర మూత ఊడి, రబ్బరు బ్యాండు కట్టుకొని
ఇంక నా కాడనే ఉన్నది.

"క్వాలిటీ మంచిగ రావాలె సార్."
ఉన్నదానికంటె మంచిగ రాదు బిడ్డా.
ఉన్నది పోకుండ చూస్తం.

తెర మీద ఇంటి నంబరు పలక. మట్టిగోడ.
తుమ్మ దూలాలు ఎనిమిది.
దర్వాజ, టేకు కాదు, యాప.
జామచెట్టు, కాసేది, ఒకటి.
గిర్దావరు చదువుతుండు, నేను చూపిస్తున్న.
మనుషులను తియ్యొద్దన్నరు.
మనుషులకు రేటు లేదు, టేపు దండుగ.
అందుకే ఇల్లంత నా గొంతే.
జరుగు.
అమ్మా, జరుగు.
గోడ కనవడ్తలేదవ్వా, జరుగు.

పన్నెండో నిమిషంల, ఫ్రేము అంచుకు
ఒక చాట. చాట కింద ఒక చెయ్యి.
పచ్చ గాజులు నాలుగు.
కదిలిన కాడల్ల బొమ్మ దువ్వెన పండ్ల తీరు చీలుతది,
ఆ చెయ్యి చీలింది.
గచ్చకాయలంత గళ్లు లేసినయి.
ఆపి, హెడ్డు తుడిసి, మళ్ల ఆడిచ్చిన.
నాలుగోసారికి గళ్లు పోయినయి.
జరుగు, అన్న నేను తెరల.
జరిగింది.
కనవడని కాన్నుంచి ఒక గొంతు:
"గోడలైతె రాసుకుంటిరి, పొయ్యి రాసుకోరా అయ్యా?"
గిర్దావరు నవ్విండు.
నేను కెమెర పొయ్యి దిక్కు తిప్పిన, నాలుగు సెకండ్లు.
రాసుకున్నోళ్లు లేరు.

సుగుణ ఏడ్వలే.
చాటను చూసి, "గది మా పెద్దమ్మది. తెచ్చి మళ్లియ్యలే,
దానికి ఎంత లొల్లైందో" అని నవ్వింది.
నాకే ఆగలే.
"నా గొంతు తీసేస్త బిడ్డా, దానికి సాఫ్ట్‌వేరున్నది,
మీ అమ్మ మాటొక్కటే ఉంచుత."
"వొద్దు," అన్నది.
"నువ్వు జరుగు అన్నంకనే కద గాజుల సప్పుడొచ్చింది.
ఉండనియ్యి."
అప్పటిదాంక మీరు అన్న పిల్ల, నువ్వన్నది.

ఫైలుకు పేరు పెట్టాలె.
టేపు మీద మూడు బై ఇరవై ఏడు అని నా రాతనే ఉన్నది.
"అండాలు అని కొట్టు," అన్నది,
ఒక్కొక్క అక్షరం చూసుకుంట కొట్టిచ్చింది.
పైసలు తీసుకోలేదంటె అబద్ధం,
రెండు వందలు తీసుకున్న.
పెన్‌డ్రైవు కొంగున ముడేసుకొని
మిల్లు సైరను దిక్కు పోయింది.

ట్రంకు పెట్టెల ఇంక ముప్పై ఒక్క టేపులున్నయి.
ఈ కెమెర ఎన్ని గంటలు ఆడుతదో తెల్వదు.
రాత్రి షట్టరు సగం దించి
ఎవరూ అడగని టేపొకటి పెట్టిన.
ఎవలిదో పశువుల కొట్టం, ఎవలిదో తొట్టి,
చీకట్ల ఇరవై ఏండ్ల కిందటి నా గొంతు
జరుగు, అన్నది.

కుర్చి యెనుకకు జరుపుకున్న.