మూడో లైను

నాలుగో రౌండు పొద్దున పదకొండింటికి.
మా రైల్వే క్వార్టర్ల సిగ్నలు ఒక్క గీతే ఉంటదని
ఫాతిమానగర్ల యాకూబన్న జిరాక్స్ షాపుకు పోయి
వెనుక రూముల కూసున్న.
కాయితం కట్టల మీద ల్యాప్‌టాప్,
నా వెనుక పాస్‌పోర్టు ఫొటోలకు కట్టిన నీలిగుడ్డ.
నీలవేణి అంటే
"నీల్ అని పిలవచ్చా?" అన్నడు తెర మీది సారు.
పోయేదేముంది, తలూపిన.

కొన్ని పెట్టెలున్నయట, వరుస మార్చాల్నట.
పక్కన ఒక్కటే ఇరుకు జాగ,
అండ్లకు ఆఖర్న పోయిందే ముందు బయటికొస్తదట.
ఆయన పెట్టెలు, పెట్టెలు అంటనే ఉన్నడు
నాకు వ్యాగన్లు కనవడ్డయి.

మా బాపు కొమురెల్లి
ముప్పై ఒక్క ఏండ్లు కాజీపేట యార్డుల పాయింట్స్‌మన్.
బొగ్గువి ఒక దిక్కు, సిమెంటువి ఒక దిక్కు,
నడుమ ఇరికిన ఆయిల్ ట్యాంకరును
మూడో లైనుకు తోసి
ఇవి దాటినంక వెనుకకు గుంజాలె.
అన్నం తింటుంటే పళ్లెం అంచుకు
ఉల్లిగడ్డ ముక్కలు జరిపి చూపెట్టేటోడు.
తినే కూటి కాడ ఆటలేందని అమ్మ తిట్టేది.

పన్నెండు లైన్లు రాసిన.
"ఇంత తొందరగా ఎలా తట్టింది?"
ఉల్లిగడ్డలని చెప్పలే.
"ప్రాక్టీస్ సార్" అన్న.

పరకాల ఇమ్రోజ్‌ను
వరంగల్ల ఎన్ని ఆటోలుంటయని అడిగిన్రట.
"తిరిగేటివా సార్, ఫైనాన్సోళ్లు గుంజుకపోయినవి గూడనా?"
తెర అవతల అందరు నవ్విన్రట.
తెల్లారి వచ్చిన మెయిలు మాత్రం నవ్వలే.
జమ్మికుంట స్వరూపకు ఆరు రౌండ్లయినయి,
ఏడో సారుకు మూడు నెల్ల సంది తీరుత లేదు.
ఆమె తలకు పోసుకునేటప్పుడు గూడ
ఫోను బాత్రూం గూట్లనే ఉంటది.

ఆఖరుకు ఒక మేడం, మెత్తటి గొంతు:
"పై అధికారితో మీరు విభేదించిన సందర్భం చెప్పండి."
గప్పుడే గాలికి స్టేషన్ మైకు షాపులకొచ్చింది,
ఏదో బండి గంటన్నర లేటు.
మ్యూట్ నొక్కిన.
తర్వాత చెప్పుకుంట పోయిన:

వానల రాత్రి, బ్రేకు సరిగ లేని వ్యాగన్ను తోయమంటే
తోయనని యార్డు మాస్టరుకు ఎదురునిలవడ్డ బాపు,
మూడు రోజుల జీతం కోత,
తడిసిన ఎర్రజెండాను అమ్మ దండెం మీద ఆరేసుడు,
నేను ఏడో తరగతి, దాని కిందికెల్లి బడికి పోవుడు.
అంత మంచిగ ఎన్నడు మాట్లాడలేదు నేను.

"నీల్, మీరు మ్యూట్‌లో ఉన్నారు."

మల్ల చెప్పబోతే నోరు రాలే.
కాలేజీ ప్రాజెక్టుల రంగు గురించి
దోస్తుతోని అయిన కొట్లాట చెప్పిన.
ఆమె రాసుకున్నది.

రాత్రి బాపు అడిగిండు, ఏమడిగిన్రు బిడ్డా అని.
పెట్టెల లెక్క చెప్పిన.
నా జవాబు గూడ చెప్పిన.
ఆయన సప్పుడు చేయక పళ్లెం తిప్పి
ఉల్లిగడ్డ ముక్కలు అటు జరిపి, ఇటు జరిపి,
ఒకదాన్ని నోట్లేసుకొని
"రెండు తోపులు తక్కువలనే అయితది గదా" అన్నడు.

అమ్మ ఆ రోజు తిట్టలే.