నాపబండ తొట్టి

ఫ్యాక్టరీలో పారేసిన నాపబండలు నాలుగు,
ఒకదాని అంచు పెచ్చులూడింది.
సిమెంటు పూసి తొట్టి చేసినాను.
మట్టి మాత్రం పెన్న ఒడ్డున
మా బామ్మర్ది చేలోనుంచి, రెండు గోతాలు.

కొమ్మ దస్తగిరమ్మ ఇచ్చింది.
వాళ్ళక్క కొడుకు మదనపల్లె నర్సరీలో కొన్నాడంట.
"మామూలు పుదీనా కాదు మద్దిలేటన్నా,
పిప్పరమెంటు. నలిపి సూడు" అనింది.
నలిపినాను.
బడి ముందర గంపలో బిళ్ళలమ్మే ముసలాయన
గుర్తుకొచ్చినాడు.
ముక్కులోకి చల్లగాలి దూరింది,
నడి ఎండాకాలం, తాడిపత్రిలో.

గ్లాసు నీళ్ళలో పదిరోజులు నిలబెడితే
కాడకు తెల్లమీసాలు మొలిచినాయి.
తీసుకుపోయి మిద్దె మీద పెట్టినాను.
మూడోనాటికి ఆకులు
బీడీ ఆకుల్లా చుట్టుకుపోయినాయి.
మిగిలింది ఒక్క కాడ, ఊదారంగుది.
దానికోసం ఇల్లంతా నీడ వెతికినాను.
నాకోసం ఏనాడూ వెతుక్కోలేదు.
ఆఖరికి మెట్లకింద దొరికింది,
పొద్దున రెండు గంటలే ఎండపడే మూల.

మా వీధికి నాలుగురోజులకొకసారి నీళ్ళు.
బియ్యం కడిగినవి దానికి.
పప్పు కడిగినవీ దానికే.
"కొత్తిమీర ఏసుంటే చారులోకన్నా వచ్చేది"
అని ఓబులమ్మ సణుగుతుంది,
సణుగుతూనే చెంబు వంచుతుంది.

ఒకనాడు సంగట్లోకి ఊరిమిండి నూరింది,
వేయించిన బుడ్డలు, ఎండుమిరప, తెల్లగడ్డ,
ఈ ఆకు ఇంత.
ఒక ముద్ద తిని "పండ్లు తోమినట్టుంది" అన్నాను.
వారం మాట్లాడలేదు.
ఇప్పుడు మజ్జిగలోకే, రెండాకులు,
లేకపోతే బెల్లం వేసి కాచిన నీళ్ళలోకి.

ముప్పై ఏండ్లు పాలిష్ మిషన్ ముందర నిలబడినాను.
ఎవరెవరి ఇండ్లలోనో బండలు అద్దాలైనాయి.
గరుకంతా నా రొమ్ములో మిగిలింది.
రాత్రి తపేలాలో నీళ్ళు మరిగించి
గుప్పెడాకు వేస్తుంది ఓబులమ్మ.
దుప్పటి కప్పుకుని ఆ ఆవిరిలో తల పెడతాను.
"దాంతో దుమ్ము పోదప్పా" అంటాడు డాక్టరు.
పోదు, తెలుసు.
కాసేపు ఊపిరికి దారి కనబడుతుంది.
అంతవరకే దానితో నాకు ఒప్పందం.

పూత పూస్తుంది, తేనెటీగలొస్తాయి,
గింజ మాత్రం కట్టదు.
నేలకింద వేరు పాకి పాకి
మళ్ళీ అదే చెట్టు, అదే వాసన.
మొన్న చూస్తే తొట్టి మూలన
సిమెంటు సందు చీల్చుకుని
ఒక మొలక బయటికి తొంగి చూస్తా ఉంది.
బండ పగలగొట్టేందుకు
నేనెంత చప్పుడు చేసేవాణ్ణో!

దస్తగిరమ్మ కూతురి కాన్పుకని
గుత్తికి పోయి రెండునెల్లుండింది.
వచ్చేసరికి ఆమె కుండలో
పుల్లలే మిగిలినాయి.
"ఒక కొమ్మ ఈ అన్నా" అని గోడ అవతల నిలబడింది.
సిగ్గులేకుండా చెప్తున్నా,
నేను కాడలు లెక్కపెట్టినాను.
పదకొండు.
ఆ మొలకనిచ్చి పంపిద్దామా అనుకున్నాను.
మళ్ళీ ఏమనిపించిందో,
అన్నిటికంటే లావుది తుంచినాను.
"నీదే కదమ్మా ఇది" అంటే
"నాది యాడుంది, నీళ్ళు పోసింది నువ్వు" అనింది.
వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది.
ఏదో చెప్పబోయింది, మనమడి సంగతేమో,

ఇంతలో వీధి మొదట్లో ట్యాంకర్ హారను.
ఓబులమ్మ బిందెలతో ఉరికింది,
దస్తగిరమ్మ ఉరికింది, దగ్గుకుంటా నేనూ.
కొమ్మ గోడ మీదే ఉండిపోయింది,
గ్లాసులో.
వరుసలో నిలబడి
ఇద్దరమూ వెనక్కి తిరిగి తిరిగి
దానికల్లే చూసుకుంటా ఉన్నాము.