ఒక్క అక్షరం తడి

కుపిష్కిస్ పట్టణంలో జననాల రిజిస్టర్లు
ఆకుపచ్చ ఇనుప బీరువాలో ఉంటాయి,
తాళంచెవి జెనోవైతే మెడలో.
ముప్పయ్యొక్కేళ్లుగా పేర్లు రాస్తున్న మనిషి,
ఏ ఏడు ఏ పేరు విరగ్గాసిందో
యాపిల్ తోట కౌలుదారులా చెప్పగలదు.
"అరవైల్లో అంతా రసాలే" అంటుంది లిథువేనియా యాసలో గొంతు సాగదీసి,
"పేజీ తిప్పితే వేలికి తడి అంటుకునేది."

రసా అంటే అక్కడ
తెల్లవారుజామున గడ్డి మీది నీటిబొట్టు.
మనకు నాలుకకు తగిలే మాట
వాళ్లకు పాదానికి తగులుతుంది.
రెండిటికీ వేరు ఒకటేనంటారు తెలిసినవాళ్లు;
నేను తవ్వి చూడలేదు.

జూన్‌లో, రాత్రి బొత్తిగా పొట్టిదైపోయే ఆ ఒక్క పూట
ఆడపిల్లలు చెప్పులు విడిచి పొలాల్లోకి వెళ్లి
గడ్డిని నిమిరి, ఆ అరచేతులతో ముఖం కడుక్కుంటారు.
ఆ పండక్కీ ఇదే పేరు.
"ఈ పేరుతో పునీతురాలెవరూ లేరే" అని
జ్ఞానస్నానపు తొట్టి దగ్గర ఒక ఫాదరీ నసిగాడట.
"రోజూ గడ్డికి స్నానం పోసేదెవరు మరి?"
అందిట పిల్లనెత్తుకున్న ముసలమ్మ.

బడిలో ఒకే తరగతిలో ఐదుగురు.
పొడుగు రసా, నత్తి రసా,
రొట్టెల కొట్టు రసా, ఎర్రజడల రసా.
ఐదోది కాగితం రసా.
కాగితంలో ఆమె రసా కాదు మరి.

ఆ ఐదో ఆమె మొన్న మార్చిలో వచ్చింది
మనవరాలితో, మనవరాలి చంటిదానితో.
చంటిదాని పేరు లియెపా, అంటే సుగంధపు చెట్టు;
ఇప్పుడు ఏ గుమ్మంలో చూసినా ఆ చెట్టే.
ఫారం నిండింది, ముద్ర పడింది,
మనవరాలు గుడ్డలు మార్చడానికి పక్క గదిలోకి వెళ్లింది.
అప్పుడు ముసలావిడ చేతి తొడుగు విప్పి, మెల్లగా,
"నా పేరు కూడా రాయాలమ్మా" అంది.

పుట్టింది యెనిసేయ్ నది ఒడ్డున,
పశువుల పెట్టెల్లో తోలుకుపోయిన జనం మధ్య,
నలభైతొమ్మిది డిసెంబరులో.
తల్లి పెత్రోనేలే రసా అంది.
కమాండెంట్ కలం ఆగింది: అదేం పేరు?
చలికి సిరా గడ్డకడుతోంది, వెనక బారు పెరుగుతోంది.
తనకు తెలిసిన పేరు రాసేశాడు.
రోజా.

ఆ నేల మీద రోజా పూయదు.
నిజానికి డిసెంబరులో రసా కూడా కురవదు.

తెలుగులో రాస్తున్నాను కనక నాకిక్కడొక చిక్కు.
ఆకు చివర వణికేదాన్నీ మంచే అంటాం,
శవాల మీద మోకాలెత్తు పేరుకునేదాన్నీ మంచే అంటాం.
పెత్రోనేలేకి ఆ రెండూ వేరు.
ఒకదాని నడిమధ్య కూచుని
రెండోదాని పేరు పెట్టుకుంది బిడ్డకి.

"ఇన్నేళ్లూ ఊరుకుని ఇప్పుడెందుకు?"
"రాయి చెక్కేవాడు కాగితం అడుగుతున్నాడు.
జీతం రోజా తీసుకుంది, పింఛను రోజా తీసుకుంటోంది.
పోనీ. ఆ రాయి కింద మాత్రం నేనుంటాను."
"రుజువేమైనా?"
సంచిలోంచి తీసింది భూర్జ బెరడు ముక్క,
దాని మీద మేకుతో గీసిన నాలుగు అక్షరాలు,
చివరి అక్షరం దగ్గర బెరడు చీలింది.

నిబంధనల్లో బెరడుకు గడి లేదు.
జెనోవైతే "ఇతరములు" అన్న చోట రాసి
మూడు ఫారాలు మూడు ఊళ్లకు పంపింది,
రెండు తిరిగొచ్చాయి, మళ్లీ పంపింది.

సెప్టెంబరులో జవాబు.
పాత పేరు మీద గీత, పక్కన కొత్త సంతకం.
కబురందుకుని ముసలావిడ,
"రాతివాణ్ణి ఆగమను, తొందరేముంది" అందిట.

సంవత్సరాంతపు లెక్క జెనోవైతే చేత్తోనే వేస్తుంది.
లియెపాలు తొమ్మిదిమంది.
రసాలు ఒకరు.
వయసు డెబ్బై ఆరు.