న్యూట్రల్ లేని పెట్టె

కొంగారెడ్డిపల్లె మూడో అడ్డవీధిలో
గుజ్జు ఫ్యాక్టరీకి పోయే తోతాపురి లారీ
మలుపు తిరగలేక గీసుకుపోయిన గోడ.
గోడ మీద బోర్డు: 'వల్లియమ్మ టైల' –
మిగిలిన అక్షరాలు ఎండకు రాలిపోయినాయి.

గేటు పక్క స్విచ్చి నొక్కినాను.
లోపల మోగిన చప్పుడు లేదు.
అయినా తలుపు తెరుచుకుంది.

కుట్టు నేర్చుకునే పిల్ల షమీనా,
పండ్ల మధ్య గుండుసూదులు పట్టుకోనే మాట్లాడింది:
"అక్కకు వినపడదు నా.
ఈ కెమెరా బెల్లు పెడితే
వచ్చినోళ్ళ మొగం ఫోన్లో కనపడతాదంట,
ఫోను ఒళ్ళో అదురుతాదంట.
నేను రాని పొద్దు అక్కకు పనికొస్తాది."

మెయిన్ దించినాను.
టెస్టర్ పెట్టినాను, వెలగలేదు.
మళ్ళీ పెట్టినాను –
కరెంటును ఒకసారి నమ్ము, రెండుసార్లు అనుమానించు
అనేవాడు మా దొరస్వామి మేస్త్రి.
ఆయన ఎడమచేతికి బొటనవేలు లేదు.

పెట్టె విప్పితే
బల్లిగుడ్లు రెండు, తీగలు రెండు.
వచ్చే ఫేజు ఒకటి, స్విచ్చి దాటి పోయేది ఒకటి.
న్యూట్రల్ లేదు.
పాత ఇండ్లన్నీ ఇంతే.
వచ్చినోడు ఒక్క క్షణం నొక్కి వదిలేస్తాడు,
దానికి ఇంకో తీగ ఎందుకని కట్టినోళ్ళు.

ఈ కొత్తది అట్లా కాదు.
రేయీ పగలూ కన్ను మూయదు,
రేయీ పగలూ దానికి తిండి కావాల.
అదీ మనం తినే సంగటి కాదు,
రెండొందల ముప్పై పెడితే గొంతు పట్టి చస్తాది.
పచ్చిపిల్ల, ఇరవై నాలుగు వోల్టుల
గంజితేట తాగుతాది.

తీగ వెంబడి పోయినాను.
పైపు గోడెక్కింది, అటక కిందికి దూరింది.
డింగ్‌డాంగ్ ఉండాల్సిన చోట ఉత్త మేకు.
తీగ ఆడ ఆగలా.
దూలం మీదుగా పాకి పాకి
కుట్టుమిషను నెత్తిన
ఒక పచ్చ జీరో బల్బులో దిగింది.

ఓహో.
గేటు కాడ నొక్కితే
ఈమె సూది ముందర గుడ్డ పచ్చబడతాది.

అతుకు విప్పబోయి ఆగినాను.
దాని మీద టేపు లేదు.
రవిక లైనింగు పీలిక మూడు చుట్లు చుట్టి
తెల్లదారంతో కుట్టేసినారు,
కుట్టుకూ కుట్టుకూ ఒకటే ఎడం.
ఎవరు కట్టినారని చేతులు తిప్పి అడిగితే
వల్లియమ్మ తన రొమ్ము మీద వేలు పెట్టుకుంది.

ముప్పై ఒక్కేండ్లుగా ఈ పనిలో ఉండాను.
ఇంత ముచ్చటైన తప్పు
నేను చూడలా.

న్యూట్రల్ ఆడే దొరికింది, ఆమె బల్బు దగ్గర.
ట్రాన్స్‌ఫార్మర్ ఆడే బిగించి,
పాత తీగలు రెండిటినీ మెయిన్ నుంచి విడదీసి
గంజితేట గేటుదాకా పంపినాను.
బల్బు ఇంక వెలగదని చెప్పాల్సి వచ్చింది.
ఆమె స్టూలెక్కి తానే తిప్పి తీసింది,
కొంగుతో తుడిచి
గుండీల డబ్బాలో పెట్టుకుంది.

మెయిన్ ఎత్తినాను. బయటికి పోయి నొక్కినాను.
గుండ్రని కన్ను చుట్టూ నీలంగా వెలిగింది.

ఎన్ని గేట్ల ముందర నిలబడినానో లెక్కలేదు,
నిలబడినప్పుడు ఎట్లుంటానో ఎప్పుడూ తెలీదు.
లోపలికి పోతే షమీనా ఫోను చూపించింది:
కొంచెం వంగి,
తప్పు చేసినోడి మాదిరి చెయ్యి చెవి వెనక పెట్టుకోని,
ఎవడో ముసిలోడు.

వల్లియమ్మ మొగం చూడలా.
రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి
నా జేబును చూసింది.
టెస్టర్ పెట్టి పెట్టి చిరిగి వేలాడతా ఉంది.
చొక్కా ఇప్పమని సైగ.
వద్దమ్మా అంటే వినపడదు కదా.

బనీనుతో ఆ స్టూలు మీదే కూర్చున్నా.
మిషను రెండు నిమిషాలు ఉరికింది.

కూలి ఆరొందలని వేళ్ళు చూపించినాను.
ఐదొందల డెబ్బై లెక్కపెట్టి ఇచ్చి,
చొక్కా జేబు తట్టి,
మూడు వేళ్ళూ ఒక సున్నా చూపించింది.